పండే భాగ్యం, ఊరే భాగ్యం

రోహిణి కార్తె నడిచినన్నాళ్లూ హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ వీధుల్లో ఒకే రోజు రెండు మాటలు వినిపిస్తాయి. పొద్దున మార్కెట్లో మామిడికాయలు కొట్టే మనిషి ముందు నిలబడి, "ముక్కకు పెంకు ఊడకూడదు నాయనా, జీడి మాత్రం తీసెయ్యి" అని చెప్పే మాట ఒకటి. సాయంత్రం ఏ గుడి మండపంలోనో, త్యాగరాయ గానసభలోనో కూర్చున్న పౌరాణికుడు, "యతి అయినవాడు రేపటికని ముద్ద దాచుకోకూడదు" అని చెప్పే మాట ఇంకొకటి. రెండు చోట్లా ఉండేది చాలావరకు ఒకే మనుషులు. పొద్దున ఏడాదికి సరిపడా జాడీ నింపి, సాయంత్రం దాచుకోవద్దన్న మాటకు తలూపి వస్తాం. ఈ రెండింటికీ పొత్తు ఎక్కడ కుదురుతుందన్నది చాలా ఏళ్లుగా నన్ను పట్టుకున్న ప్రశ్న. పొత్తు కుదురుతుందనే నా నమ్మకం. అయితే అది పైపైన దొరికేది కాదు.

పౌరాణికుడు చెప్పే మాట భాగవతం ఏకాదశ స్కంధంలోది. తెలుగులో ఆ స్కంధం పోతనగారి చేతి మీదుగా రాలేదు, వెలిగందల నారయ తెనిగించారు. అందులో యదుమహారాజు ఒక అవధూతను చూసి, ఇంత నిశ్చింత నీకెక్కడిదయ్యా అని అడిగితే, ఆయన తన 24 మంది గురువులను వరసగా చెబుతాడు. భూమి, గాలి, నీరు, కొండచిలువ, చేప, ఇలా సాగే ఆ వరసలో తేనెటీగ కూడా ఉంది. తేనెటీగ దగ్గర ఆయన నేర్చింది ఒక్క పాఠం కాదు. పువ్వును నొప్పించకుండా కొంచెం కొంచెం తీసుకోవడం, చిన్న పువ్వు పెద్ద పువ్వు అని చూడకుండా సారం గ్రహించడం ఆచరించవలసినవి. పోగుచేసి, ఆ పోగుతోపాటే నాశనం కావడం మానవలసినది. చేతినే పాత్ర చేసుకో, కడుపునే కొట్టు చేసుకో, సాయంత్రానికని గానీ రేపటికని గానీ మిగల్చకు అంటాడు. ఇంత కచ్చితమైన మాట విన్నాక ఆవకాయ జాడీకి వాసెన కట్టే చేయి ఒక్క క్షణమైనా ఆగాలి. ఆగకపోతే విన్నది విననట్టే.

ఈ మూడు పేటల్లో అడవి లేదు. కానీ ఎండాకాలంలో అడవి తట్టల్లో ఎక్కి వస్తుంది. ముందు తాటిముంజలు, ఈతపండ్లు వస్తాయి. మృగశిర దాటేసరికి నేరేడు పండ్లు. ఆ వెనకే, ఆకుపచ్చ మీద గులాబి రంగు తేలిన వాక్కాయలు, కొన్ని ఊళ్లలో కలేకాయలంటారు. ఎవరూ నీళ్లు పోసి పెంచకపోయినా బీడు గట్ల మీద, గుట్టల వాలులో ముళ్లపొదలకు కాస్తాయి. మెట్రో స్తంభాల నీడలో శివారు ఊళ్ల ఆడవాళ్లు వాటిని గోనెపట్టా మీద కుప్పలు పోసి కూర్చుంటారు. ఒకావిడ దగ్గర నేను వాక్కాయలు ఏరుతుంటే ఆమె నా చేతిలోంచి ఒక కాయ తీసుకుంది. "పచ్చడికేనా అక్కా? అయితే గిట్ల చూడు" అంటూ గోటితో నిలువునా చీల్చింది. లోపల గింజలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. "ఇత్తు ఇంకా ముదరలే. గిది పచ్చడికి మంచిగుంటది. నాలుగు దినాలైతే నల్లగైతది, గప్పుడు పండు లెక్క తినాలె, పచ్చడి పెట్టొద్దు." చీల్చిన చోట పాలు ఊరాయి. ఆమె బొటనవేలి గోరు చుట్టూ ఆ పాల జిగురు నల్లగా గట్టిపడి ఉంది. చేతి మీద ముళ్లు గీరిన చారలు, కొన్ని పాతవి, కొన్ని ఆనాటివి.

ఏ కాయ ఏ దశలో దేనికి పనికివస్తుందో ఎరిగి ఉండటం ఆమె విద్య. మన ఆయుర్వేదంలో ఈ విద్యకు ఒక అద్భుతమైన కొస ఉంది. చరకసంహిత చికిత్సాస్థానం మొదటి అధ్యాయం రసాయనాల గురించిది. చ్యవనమహర్షికి యవ్వనం తిరిగి ఇచ్చిందని చెప్పే ఉసిరి లేహ్యం అక్కడే ఉంది. మన దేశంలో ఇప్పటికీ ఇంటింటా తినే అతి పాత పండ్ల నిల్వల్లో అదొకటి. అదే అధ్యాయంలో దానికి పూర్తిగా ఎదురైన ప్రయోగం కూడా ఉంది. సాధకుడు ఒక ఏడాది ఆవుల మధ్య పాలు మాత్రమే తాగుతూ, గాయత్రిని మనసులో ధ్యానిస్తూ బతకాలి. ఏడాది చివర పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఒక పున్నమినాటికి, మూడు రోజులు ఉపవాసం ఉండి, ఉసిరి వనంలోకి వెళ్లాలి. పెద్ద కాయలున్న చెట్టెక్కి, కొమ్మనున్న కాయను చేత్తో పట్టుకుని, తెంపకుండా, అందులోకి అమృతం వచ్చేదాకా జపం చేస్తూ నిలబడాలి. అప్పుడు అమృతం ఆ కాయలో క్షణకాలం నివసిస్తుందట. ఆ క్షణంలో తినాలి.

ఒకే అధ్యాయంలో, ఒకే కాయకు రెండు దారులు. ఒకటి ఎన్నో మూలికలతో కాచి, నేతిలో వేయించి, తేనె కలిపి, నెలల తరబడి నిలిచేటట్టు చేసే లేహ్యం. ఇంకొకటి నిల్వ అన్న ఊహకే తావులేని క్షణం. వైద్యుడు రెండింటినీ పక్కపక్కన పెట్టాడు గానీ దేన్నీ కొట్టిపారేయలేదు. చెట్టెక్కి క్షణం కోసం నిలబడగలిగినవాడు నిలబడతాడు. నిలబడలేనివాడి కోసం లేహ్యం ఉంది.

ధర్మశాస్త్రం కూడా ఈ రెండు దారులనూ ఎరుగును. మనుస్మృతిలో నేటి మనసు ఒప్పుకోని మాటలు చాలా ఉన్నాయి, ఒప్పుకోవలసిన పనీ లేదు. అయినా ఆరో అధ్యాయంలో వానప్రస్థుడి తిండి గురించి చెప్పిన చోటు నిదానంగా చదవదగింది. అగ్నితో పక్వమైనది తినవచ్చు, లేదా కాలంతో పక్వమైనది తినవచ్చు అని మొదట రెండుగా విడదీస్తుంది. తర్వాత నిల్వలో నాలుగు మెట్లు చెబుతుంది. తిన్న వెంటనే పాత్ర కడిగేసేవాడు, నెలకు సరిపడా పెట్టుకునేవాడు, ఆరు నెలలకు పెట్టుకునేవాడు, ఏడాదికి పెట్టుకునేవాడు. నలుగురినీ అడవిలో ఉండనిస్తుంది. ఒక్క షరతు మాత్రం పెడుతుంది. ఆశ్వయుజం రాగానే అంతకుముందు దాచిన ధాన్యం, కూరలు, దుంపలు, పండ్లు అన్నీ వదిలేయాలి, చిరిగిన బట్టలతో సహా. వానలు వెళ్లి అడవి మళ్లీ నిండే కాలం అది. నిల్వ చేసుకునే అనుమతితోపాటే నిల్వ ఖాళీ చేసే తేదీ కూడా ఇచ్చింది శాస్త్రం. ఈ రెండో సగాన్ని మనం మరిచిపోయాం. మన ఇళ్లలో రెండేళ్ల కిందటి పచ్చడి అటక మీద, పదేళ్ల కిందటి మాట గుండెలో నల్లబడి ఉండటానికి కారణం ఆ మరుపే.

కాలపక్వం అన్న దగ్గర కాస్త ఆగుతాను. మృత్యుంజయ మంత్రంలో మోక్షానికి గుర్తు దోసపండు. పండినప్పుడు తొడిమ నుంచి తనంతట తాను విడిపోతుంది, ఎవరూ కోయనక్కర్లేదు. అలా విడిపోయినవాళ్లు ఉన్నారు. 1896లో మదురైలో ఒక మేడగదిలో 16 ఏళ్ల కుర్రవాడికి మరణభయం కలిగింది. గురువు లేడు, గ్రంథం లేదు, ముందు సాధన లేదు. పడుకుని, చచ్చిపోయేది ఎవరని లోపలికి చూశాడు. లేచేసరికి పండిపోయాడు. తర్వాత లోకం ఆయన్ని రమణమహర్షి అంది. అది కాలపక్వం, ఏ జన్మలోనో మొదలైన ముదురు.

మరి మన సంగతి? మనం పచ్చిగా ఉండగానే కోతకు వస్తాం. పెళ్లి, ఉద్యోగం, రోగం, పోయినవాళ్ల దుఃఖం, వీటిలో ఏదీ మనం పండేదాకా ఆగదు. గాలివానకు రాలిన కాయలా పుల్లగా, గట్టిగా, జీడి వాసనతో నేలమీద ఉంటాం. పండలేదు కాబట్టి పనికిరామా అన్న బెంగ ఆధ్యాత్మిక జీవితంలో చాలామందిని తినేస్తుంది. పౌరాణికుడి సభ ముగిశాక ఆ బెంగతోనే మెట్లు దిగేవాళ్లను చూశాను. వాళ్లకు మన అమ్మమ్మల వంటిల్లు ఒక మాట చెబుతుంది. పండే భాగ్యం లేనిదానికి ఊరే భాగ్యం ఉంది. అసలు ఊరగాయకు పచ్చి కాయే కావాలి, దోరకాయ కలిస్తే జాడీ అంతా చెడుతుంది. పచ్చితనం ఈ దారిలో లోపం కాదు, అర్హత.

ఊరడమంటే ఏమిటో మాగాయ చెప్పినంత స్పష్టంగా ఆవకాయ చెప్పదు. ఆవకాయ అన్నీ ఒక్కసారే పడేసి, నూనె పోసి, మూడోనాడు తిరగకలిపే పని. మాగాయది మెట్టు మెట్టుగా సాగే నడక. పీచున్న పుల్లటి నాటుకాయ తీసుకుంటాం. కడిగి, పొడిబట్టతో తుడిచి, తొక్క తీసి, టెంక వదిలేసి ముక్కలు తరుగుతాం. పసుపు, ఉప్పు కలుపుతాం. మా ఇంటి లెక్క ఐదు గిన్నెల ముక్కలకు ఒక గిన్నె ఉప్పు. జాడీలో మూత పెట్టి వదిలేస్తాం. మరునాడు మూత తీస్తే ముక్కలు మునిగేంత నీరు ఉంటుంది. మనం చుక్క నీరు పోయలేదు. తడి గరిటె కూడా తగలనివ్వలేదు. ఆ నీరంతా కాయలోదే. ఉప్పు కొత్తగా తెచ్చిందేమీ లేదు, లోపలున్నదాన్ని బయటికి రప్పించింది, అంతే.

సాధన మొదలుపెట్టిన ఏ మనిషికైనా తొలిరోజుల్లో కలిగే అనుభవం ఇది. కళ్లు మూసుకుని కూర్చుంటే మనసు శాంతిస్తుందనుకుంటాం. ఇన్నేళ్లూ లేని కోపాలు, సిగ్గులు, పాత భయాలు ఒక్కసారిగా ఊరుకొస్తాయి. జపం పట్టాక నా మనసు ఇంకా పాడయిందని చెప్పుకుని వాపోయేవాళ్లు ఎందరో. పాడవలేదు. ఉప్పు పట్టింది. బయటికి వస్తున్న నీరు ఎప్పటి నుంచో లోపలున్నదే.

మూడోనాడు ముక్కలను గట్టిగా పిండి, ఊటను వేరే గిన్నెలోకి వంచి, ముక్కలను మేడమీద బట్ట పరిచి ఎండబెడతాం. ఊటను కూడా పక్కనే ఎండలో ఉంచుతాం. ఈ పేటల్లో ఇప్పుడు అన్నీ అపార్ట్‌మెంట్లే, అందరిదీ ఒకే డాబా. ఎవరి బట్ట మీద ఎవరి ముక్కలో పిల్లలకు కూడా తెలిసే ఉంటుంది. సాయంత్రానికి ముక్కల అంచులు ముడుచుకుంటాయి, తెల్లదనం పోయి తేనెరంగు తిరుగుతుంది, పైన ఉప్పు సన్నగా పేరుకుంటుంది. అప్పుడు ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని చూడండి. నీరు పోయింది, బరువు పోయింది, కానీ పులుపు పోలేదు. పచ్చిముక్కలో ఉన్న పులుపుకంటే ఇది ఎన్నో రెట్లు పదునుగా ఉంటుంది. భగవద్గీత రెండో అధ్యాయం 59వ శ్లోకం చెప్పేది సరిగ్గా ఇదే. ఆహారం మానినవాడి నుంచి విషయాలు తొలగిపోతాయి, వాటి మీది రసం మాత్రం మిగిలే ఉంటుంది, పరమాన్ని చూశాకే అదీ పోతుంది అంటాడు కృష్ణుడు. ఉపవాసాలు, మౌనాలు, నియమాలు పట్టి ఏళ్లు గడిపినవాళ్లలో ఒక్కోసారి కనిపించే ఆ ఘాటు, ఆ చిరచిర, ఎండిన ముక్కలోని పులుపే. వాళ్లను చూసి సాధన వ్యర్థమనుకోనక్కర్లేదు. వాళ్లు ఎండ దగ్గర ఆగిపోయారు. పని ఇంకా ఒక మెట్టు ఉంది.

ఆ మెట్టు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పిండి పక్కనపెట్టిన ఊటను పారబోయం. ఎండిన ముక్కలను మళ్లీ ఆ ఊటలోనే వేస్తాం. తనలోంచి వచ్చిన నీటిలోకే ముక్క తిరిగి వెళుతుంది. కారం, ఆవపొడి, మెంతిపొడి కలిపి, చల్లారిన ఇంగువ పోపు పెడతాం. మొదట ఏ నీరు దాన్ని కుళ్లబెట్టగలిగేదో, అదే నీరు ఎండను చూశాక దాన్ని ఏడాది పొడుగునా కాపాడుతుంది. అవధూత అడవిలోకి పోయి దాక్కోలేదు. రాజుతో కూర్చుని మాట్లాడాడు. శుకుడు పరీక్షిత్తు దగ్గరికి వచ్చాడు. రాగద్వేషాలు విడిచిన ఇంద్రియాలతో విషయాల మధ్యనే తిరిగేవాడికి ప్రసాదం, అంటే మనసు తేటబడటం, కలుగుతుందని గీత అదే అధ్యాయం 64వ శ్లోకంలో చెబుతుంది. 59 నుంచి 64 దాకా ఐదు శ్లోకాల దూరం. ఎండిన ముక్క ఊటలోకి తిరిగి రావడానికి పట్టే కాలం ఆ ఐదు శ్లోకాల మధ్య ఉంది. కొందరికి అది ఒక జీవితం.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ నిల్వ వస్తువుకు ఉన్న దోషం నిల్వ వస్తువుకు ఉంటుంది. పతంజలి యోగసూత్రాల్లో అపరిగ్రహాన్ని వివరిస్తూ వ్యాసభాష్యం వస్తుసంపదలో ఐదు దోషాలు చూపిస్తుంది. సంపాదించడం, కాపాడడం, పోగొట్టుకోవడం, తగులుకోవడం, హింసించడం. పచ్చడి జాడీ పక్కన కూర్చుని ఈ ఐదింటినీ వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఎండలో కాయల కోసం తిరుగుడు. తడి తగలకుండా కాపలా. ఒకరోజు మూత తీసేసరికి పైన తెల్లటి బూజు, దాని వెంట ఇంట్లో ఎవరు తడి గరిటె పెట్టారన్న విచారణ. మా ఇంటి పచ్చడిలాంటిది ఈ వీధిలో లేదన్న మమకారం. నాలుగూ మనకు కంటికి కనిపించేవే. ఐదోది, హింస, మన కంటికి ఆనదు.

ఆదిలాబాద్‌, భద్రాద్రి అడవుల్లో వేసవికి మొర్రిపండ్లు, తునికిపండ్లు పండుతాయి. ఈ పండ్లు నారాయణగూడ దాకా రావడం అరుదు, మెత్తనివి, ఆగవు. మొర్రిపండు లోపలి పప్పు మాత్రం వస్తుంది. సారపప్పు అని కొని పాయసంలో చల్లుకుంటాం. ఆ పప్పుకు మంచి ధర ఉంది కాబట్టి, కాయ ముదరకముందే దూసేయడం, అందని కొమ్మలను నరికి కింద పడేసి ఏరుకోవడం చాలాచోట్ల చెట్టుకే ముప్పు తెచ్చాయి. తేనెటీగ పాఠంలోని మొదటి సగం, పువ్వును నొప్పించకుండా కొంచెం కొంచెం తీసుకోమన్నది, అక్కడ ఓడిపోయింది. మన పాయసం గిన్నెకూ ఆ నరికిన కొమ్మకూ సంబంధం లేదనుకోవడం నాకు చేతకాదు.

ఇంకో ఆక్షేపణ కూడా ఎదుర్కోవాలి. గీత 17వ అధ్యాయం కారం, పులుపు, ఉప్పు, అతి వేడి, తీక్ష్ణం, మంట పుట్టించేది రాజసాహారం అంటుంది. చదువుతుంటే ఎవరో ఆవకాయను ముందు పెట్టుకుని చెప్పినట్టే ఉంటుంది. శంకరులు అక్కడ ఒక సూక్ష్మం పట్టుకున్నారు. శ్లోకంలో వేడికి ముందున్న 'అతి' అన్న మాటను అన్నిటికీ అన్వయించుకోవాలన్నారు. అతి కారం, అతి పులుపు, అతి ఉప్పు. దోషం రుచిది కాదు, మితం తప్పడానిది. మన విస్తరిలో ఊరగాయ చోటు పైన ఒక మూల. దానికి ఆ మూల ఇచ్చినవాళ్లు శంకరభాష్యం చదివి ఉండనక్కర్లేదు, భాష్యం చెప్పిన మితం వాళ్ల చేతికి తెలుసు. ఇక ఊరిన వస్తువు, పులిసిన వస్తువు అశుచి కాదా అంటే, మనుస్మృతి ఐదో అధ్యాయం పులిసినవాటిలో పెరుగునూ, మంచి పూలతో, దుంపలతో, పండ్లతో ఊరినవాటినీ తినవచ్చని విడిగా చెప్పింది. ఆ సందేహం అక్కడితో తీరుతుంది.

అసలు ప్రశ్న నిల్వ చేయవచ్చా కూడదా అన్నది కాదని నాకు నెమ్మదిగా తెలిసింది. నిల్వ ఎవరిదన్నది ప్రశ్న. గోదావరికి అటూ ఇటూ పాపికొండల్లో బతికే కొండరెడ్లు కొత్త మామిడికాయను దేవతకు పెట్టి పండుగ చేసుకునేదాకా ముట్టరు. చెట్టు నిండా కాయ వేలాడుతున్నా, కడుపులో ఆకలి ఉన్నా ఆగుతారు. నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేసిన ఫ్యూరర్‌ హైమండార్ఫ్‌ వాళ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. అడవి ఇచ్చినదాని మీద ఆధారపడి బతికే వాళ్ల జీవనం అందులో చదవవచ్చు. పండు తిన్నాక టెంకను వాళ్లు పారేయరు. లోపలి జీడిని ఎండబెట్టి దాచి, వగరు పోయేదాకా నీళ్లలో నానబెట్టి, వానకాలంలో గింజలు అయిపోయిన రోజుల్లో అంబలి కాచుకుంటారు. మనం ఊరగాయ ముక్క నుంచి తీసి అవతల పారేసే జీడి అది. మనకు నిల్వ రుచి, వాళ్లకు నిల్వ ప్రాణం. అయినా మొదటి కాయ తమది కాదని వాళ్లు ఎరుగుదురు. ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగ అని గీత మూడో అధ్యాయం అంటుంది, తమకోసమే వండుకునేవాళ్లు పాపం తింటున్నారని కూడా అంటుంది. ఆ కఠినమైన మాటకు అర్థం ఆ కొండల్లో, ఆకలి ఉన్న చోట, ఆచారమై నిలబడింది.

శబరి కథ ఇక్కడే చెప్పుకోవాలి. ఆమె పండ్లు కొరికి, తియ్యనివే రాముడికి పెట్టిందని మనం పిల్లప్పటి నుంచి వింటున్నాం. వాల్మీకి అరణ్యకాండలో ఆ ఎంగిలి ముచ్చట లేదు, అది తర్వాతి భక్తుల ప్రేమలో పుట్టింది. వాల్మీకి చెప్పేది నాకు ఇంకా లోతుగా తోస్తుంది. మతంగముని శిష్యులు స్వర్గానికి వెళుతూ, రాముడు ఈ ఆశ్రమానికి వస్తాడని ఆమెకు చెప్పి వెళ్లారు. పంపాతీరంలో దొరికే రకరకాల అడవి ఆహారాన్ని ఆయన కోసం సేకరించి ఉంచానని ఆమె ఆయనతో అంటుంది. రాబోయేవాడు ఎప్పుడు వస్తాడో తెలియదు. అయినా సేకరించి ఉంచింది. అవధూత మానమన్నదీ శబరి చేసినదీ బయటికి ఒకే పని. లోపల ఒకటి నేను తినడానికి, ఇంకొకటి ఆయన వస్తే పెట్టడానికి. నా ప్రశ్నకు దొరికిన పొత్తు ఇదే.

శబరి పేరు తలచుకున్నాక మడి గురించి మౌనంగా ఉండటం న్యాయం కాదు. పచ్చళ్లు మడి కట్టుకుని పెట్టే ఇళ్లు ఈ పేటల్లో ఇప్పటికీ ఉన్నాయి. తడి లేని చేయి, ఎండిన గరిటె, ఉతికిన బట్ట, ఏకాగ్రమైన మనసు, ఇవన్నీ మడిలో ఉన్న మంచి. తడి తగలకూడదన్నది పచ్చడి ధర్మం. మనిషి తగలకూడదన్నది పచ్చడి ధర్మం కాదు. ఆ వాక్కాయను ముళ్లలోంచి తెంపింది, తట్టలో మోసింది, గోటితో చీల్చి ముదురు చూపించింది ఎవరి చేయి? ఆ చేతి మీదుగా వచ్చిన కాయ జాడీలోకి వెళ్లాక, ఆ చేతికి జాడీ అందరానిదైతే ఊరుతున్నది వాక్కాయ కాదు, మన అహంకారం.

చివరగా అశోక్‌నగర్‌ మాట. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టుపక్కల సందుల్లో గ్రూప్స్‌ పరీక్షలకు చదివే పిల్లలు వేల మంది. మంచాల మధ్య నడవడానికి కూడా చోటు లేని గదులు. నోటిఫికేషన్‌ కోసం ఎదురుచూపు, వచ్చాక పరీక్ష కోసం, రాశాక ఫలితం కోసం. ఊరి నుంచి అమ్మ పంపిన పచ్చడి డబ్బా మంచం కింద ఉంటుంది. అది అయిపోయాక మెస్సులో పెట్టే అన్నం, నీళ్లచారు. వీళ్లది కూడా ఊరే కాలమే. పచ్చిగా ఉండగానే చెట్టు నుంచి విడిపడి వచ్చి ఉప్పునూ ఎండనూ ఓర్చుకుంటున్నవాళ్లు.

ఈ పేటల గృహిణులకు, పచ్చడి పెట్టే మగవాళ్లకు కూడా, నా మనవి ఒకటే. ఈ వేసవిలో మాగాయ కలిపాక మీ జాడీ నింపకముందే ఒక చిన్న సీసా నింపండి. మీ వీధిలో ఏ గదిలో ఏ ఊరి పిల్లలు ఉంటున్నారో కనుక్కుని ఇచ్చి రండి. వాక్కాయలు తెచ్చిన ఆవిడకు మరో సీసా ఇవ్వండి. ఆ తర్వాతే మీ జాడీకి వాసెన కట్టండి. ఆశ్వయుజం వచ్చేసరికి ఇంకా ఏమైనా మిగిలితే, అదీ పంచేయండి.